నాయన తొడుక్కోని స్వెట్టర్లు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా చర్చి సంఘం ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వీడియోలు మొదలవుతాయి. గంటలో టోపీ, ఒక్క సాయంత్రంలో మఫ్లర్, క్రిస్మస్‌కి ఇంట్లోనే చేసుకునే కానుకలు. మొన్న పాస్టరమ్మ కోడలు అలాంటి వీడియో ఒకటి పట్టుకుని వికారాబాద్‌లో మా ఇంటికే వచ్చేసింది. "టీచరమ్మా, మీరు ఒకప్పుడు సండే స్కూల్ పిల్లలందరికీ టోపీలల్లి ఇస్తుంటిరంట గద, జర మాకు గూడ నేర్పుండ్రి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల తప్పేం లేదు పాపం. "నాకు రాదమ్మా, ఎవరో ఉత్తగ చెప్పిండ్రు" అని టీ ఇచ్చి పంపేశాను. రాకపోవడమేమిటి, కళ్ళు మూసుకుని అల్లగలను. ఆ టోపీలు ఎక్కడి ఊలుతో అల్లానో చెప్పాల్సి వస్తుందని రాదన్నాను.

తాండూరులో మా మేనత్త ఉంటుంది. మా నాయనకు ఒక్కతే చెల్లెలు. పెళ్ళైన మూడేళ్ళకే మొగుడు పోతే, ఆస్పత్రిలో ఆయాగా చేరి, మా నానమ్మను తన దగ్గరే పెట్టుకుని సాకింది. అల్లిక అక్కడే ఒక నర్సమ్మ దగ్గర నేర్చుకుంది. ఆమె అల్లికలో ఒక పిచ్చి ఉండేది. బజార్లో దొరికే ఊలు మరీ సన్నమని, రెండు రంగుల పోగులు జంటగా పట్టి అల్లేది. పచ్చకు నలుపు, మెరూన్‌కు బూడిద రంగు, పసుపుకు కాఫీపొడి రంగు. అటు బషీరాబాద్ దాకా వెతికినా అలాంటి అల్లిక ఇంకొకరి చేతిలో నేను చూడలేదు. మనిషి కూడా అంతే, ఎవరి మాటా వినేది కాదు. ఒకసారి పెళ్ళిలో భోజనాల దగ్గర కూడా సూదులు తీస్తే, పెళ్ళికొడుకు తండ్రి తనకే ఏదో అల్లుతోందనుకుని మురిసిపోయి, ఆమె ఆకులో రెండు లడ్డూలు ఎక్కువ వేయించాడు.

నానమ్మ మే నెలలో పోయింది. తాండూరు ఎండ సంగతి తెలిసిందే, నాపరాళ్ళ మీద కాలు పెట్టలేం. నాయన ఆ రోజు ఏదో పెళ్ళికని కర్ణాటక పల్లెకు పోయి ఉన్నాడు. కబురందుకుని వచ్చేసరికి పొద్దుగూకింది. శవం ఆగేలా లేదని పెద్దలు తొందరపెడితే అత్త సరేనంది. నాయన వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా కప్పేశారు. "నా తల్లి మొకం నాకు సూపియ్యలే, ఇగ దీని మొకం నేను సూడ" అని అక్కడే, అందరిలో అనేసి, తిరిగి వికారాబాద్ బస్సెక్కాడు. అమ్మ బతిమాలింది, పాస్టరు గారు బతిమాలారు. మా నాయన ఒక మాట అన్నాడంటే అన్నాడే.

అత్త క్షమించమని నోటితో అడగలేదు. అడిగే రకం కాదు. ఆ ఏడు క్రిస్మస్‌కి నాయనకు ఒక స్వెట్టర్ అల్లి, తాండూరు పోయిన నా చేతికిచ్చి పంపింది. నాయన దాన్ని తాకనైనా తాకలేదు. "ఇంట్ల ఉంచకు దాన్ని" అన్నాడు అమ్మతో. అమ్మకు పారెయ్యడానికి చేతులు రాలేదు. "ఊలేం పాపం చేసిందే?" అని కుట్లు కత్తిరించి, కొస పట్టి లాగుతూ మొత్తం విప్పేసింది. విప్పిన ఊలు సేమ్యాలా వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, అన్నం ఉడికే గిన్నె ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఉండలు చుట్టాం. ఇద్దరం కూర్చుని, లావు సూదులతో, సీదా ఒక వరస, ఉల్టా ఒక వరస, సాయంత్రానికి ఒక టోపీ. స్వెట్టర్‌కి నాలుగైదు టోపీలు వచ్చాయి. సండే స్కూల్ పిల్లలకిచ్చాం. అందరూ టీచరమ్మ చెయ్యి బంగారం అన్నారు. నేను నవ్వుతూ ఊరుకున్నాను. ఎంత సిగ్గులేని నవ్వు!

మళ్ళీ నేను తాండూరు పోగానే అత్త మొదటి ప్రశ్న అదే. "అన్న తొడుక్కున్నడా?" ఆమె ముఖం చూస్తే లేదనాలనిపించలేదు. తొడుక్కున్నాడన్నాను. "సరిపోయిందా? చేతులు పొడుగైనయా?" నోటికొచ్చింది చెప్పేశాను. "మెడ కాడ జర ఇరుకున్నదన్నడు అత్తమ్మా." ఆ ఏడు మెడ వదులు చేసి పంపింది. మరుసటి ఏడు చేతులు పొట్టి చెయ్యమన్నాను. అలా ఎనిమిదేళ్ళు, తొడుక్కోని స్వెట్టర్లకు కొలతలు చెప్పాను. ఎనిమిదేళ్ళు ఆమె వాటిని దిద్దుకుంటూ పోయింది. ఆఖరి రెండేళ్ళలో నాయనకు మతిమరుపు ముదిరింది. ఆ స్వెట్టర్ ఎవరు పంపారో కూడా ఆయనకు తెలిసేది కాదు, తొడిగితే తొడిగించుకునేవాడే. కానీ అప్పటికే పిల్లలకు టోపీలిస్తామని మాట ఇచ్చి ఉన్నాం. ఎప్పటిలాగే విప్పేశాం. మతిమరుపు సంగతి కూడా అత్తకు చెప్పలేదు. చెబితే పరుగెత్తుకొస్తుంది, వస్తే నా బండారం బయటపడుతుంది.

చెప్పకపోయినా వచ్చింది. అన్న ఇన్నేళ్ళుగా నేనల్లింది తొడుక్కుంటున్నాడంటే కోపం పోయినట్టే కదా అనుకుని, క్రిస్మస్ పొద్దున మొదటి రైలు దిగి నేరుగా మా చర్చికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. నా పక్కనే చాప మీద కూర్చుని, మగవాళ్ళ వైపు తొంగి చూస్తూ నా చెవిలో, "కోటు లోపట తొడుక్కున్నడా?" అంది. నేను అప్పుడు కూడా ఆఁ అన్నాను. అంతలో పాట పాడడానికి పిల్లలు లేచి ముందుకొచ్చి వరసగా నిలబడ్డారు. అందరి నెత్తి మీదా టోపీలే. పచ్చ నలుపు, మెరూన్ బూడిద, పసుపు కాఫీపొడి. ఎనిమిదేళ్ళ రంగులూ ఉన్నాయి.

అత్త పాట అయ్యేదాకా కదల్లేదు. తిరిగొస్తున్న ఒక చిన్నపిల్లను దగ్గరికి లాక్కుని, టోపీ తీసి, లోపలికి తిప్పి వేళ్ళతో తడిమి చూసింది. మళ్ళీ ఆ పిల్లకు పెట్టి, చెవులు కప్పింది. "మంచిగ అల్లినవ్ బిడ్డా" అంది నాతో. "మరి మెడ కాడ ఇరుకైందంటివి. ఎవరి మెడ అది?" అంది.

ఆరాధన అయ్యాక ఆమె నన్ను దాటుకుని నాయన దగ్గరికి పోయింది. "అన్నా" అంది. ఎక్కడ గుర్తుపట్టి తిడతాడోనని నేనూ వెనకాలే పోయాను. నాయన ఆమె రెండు చేతులూ పట్టుకుని, ప్రేమగా నవ్వి, "హ్యాపీ క్రిస్మస్ అమ్మా. ఏ ఊరు మీది?" అన్నాడు.

ఆటో దగ్గరికి నేను వెంట పరుగెత్తాను. ఆమె నా చెయ్యి విదిలించుకుంది. "మొదటి యాడాదే చెప్పుంటే వచ్చి ఆయన వాకిట్ల కూసుంటుంటి. తిడుతుండె. తిట్టనీ! చెల్లెలనని గుర్తువట్టి తిడుతుండె గద. నువ్వు నన్ను ఎనిమిదేండ్లు తాండూర్లనే కూసోవెడితివి" అంది. ఆ మరుసటి ఏడు నాయన పోయాడు. అత్త వచ్చింది, తల దగ్గర కూర్చుంది, నాతో మాట్లాడకుండానే పోయింది.

ఇప్పటికీ ప్రతి డిసెంబరులో కేకు పట్టుకుని తాండూరు పోతాను. మంచినీళ్ళిస్తుంది, కూర్చోమంటుంది, అంతే. "జర టైం పోనీ, మెత్తబడుతది" అంటాడు మా ఆయన. ఆమెకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. అందులో ఎనిమిదేళ్ళు నేనే తినేశాను. ఇంకొంత కాలం పోనివ్వమని ఆమెను ఏ ముఖం పెట్టుకుని అడగను?