ఓబులమ్మ తుపాకి పెట్టె

వచ్చేసింది! నా పేరున తుపాకి లైసెన్సు వచ్చేసింది! ధర్మవరంలో మగ్గాల మధ్య పుట్టి, బొద్దింక కనబడితే మంచమెక్కే గీతాంజలికి తుపాకట! ఫోన్ చేసి చెప్తే మా అమ్మ "తలకాయ తిరిగిందేమే నీకు?" అంది. ఇదంతా మా అత్త ఓబులమ్మ చేసిన పని. ఆమె సంగతి చెప్తేగాని నా కడుపుబ్బరం తీరదు.

మా అత్తగారి ఊరు పెనుకొండ కొండల కింద. శెనక్కాయ చేన్లో అడవిపందులు పడ్డాయంటే తెల్లారేసరికి కాయ మిగలదు. వాటిని బెదరగొట్టడానికి మా మామ నారాయణస్వామికి ఒంటిగొట్టం తుపాకి ఉండేది. ఆయన పోయాక లైసెన్సు అత్త పేరుకు మారింది. ఆకాశంలోకి ఒక్కటి పేల్చిందంటే పందులే కాదు, మా ఊరి కుక్కలూ పరారే!

పేల్చడం కంటే దాచడం మీదే ఆమెకు పట్టుదల ఎక్కువ. మామ ఉన్నప్పుడు తుపాకి గోడకు మేకుకు వేలాడేది. అత్త దాన్ని రేకుపెట్టెలో పెట్టి తాళమేసింది. తూటాలు వేరే పెట్టెలో. తాళంచెవులు రెండూ ఆమె రొండిలో.

"ఏమవ్వా, తుపాకిని జైల్లో పెట్టినావంట?" అని టీ అంగడి దగ్గర మగవాళ్లు నవ్వితే, "అది బయటుంటే నేను పోవాలప్పా జైలుకు! పిల్లోళ్ల చేతికి దొరికిందంటే జవాబు చెప్పాల్సింది లైసెన్సుండేవాళ్లే. చట్టం అట్ల ఉండాది" అనేది.

అంత జాగ్రత్త మనిషి ఒక్కసారి తప్పింది. మా సాయిసుధకు నాలుగేళ్లున్నప్పటి ఆయుధపూజ రోజు. నడింట్లో కొడవళ్లు, గడ్డపార, మందు కొట్టే మిషను అన్నీ కడిగి వరసగా పెట్టాం. మా ఆయన ఉమాశంకర్ తుపాకి కూడా పెట్టాలన్నాడు. అత్తా నేనూ వంటింట్లో బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తున్నాం. ఇద్దరికీ మోచేతుల దాకా పిండి.

"రొండిలో ఉండాయి, తీసుకోరా. తుపాకి ఒక్కటే తియ్యి, తూటాల జోలికి పోవద్దు" అంది అత్త.

పూజయింది. హారతి కళ్లకద్దుకుని, మొక్కిన ఆయుధాన్ని సాయంత్రం దాకా కదిలించకూడదని అన్నీ అక్కడే వదిలి, మేం మళ్లీ పొయ్యి దగ్గరకు పోయాం. ఆయన వాకిట్లో బండికి దండ కడుతున్నాడు.

పిల్ల అలికిడి లేదేమని తొంగిచూశాను. సుధ తుపాకి ముందు చతికిలబడి, గొట్టాన్ని ఒళ్లోకి లాక్కుని, దాని నోట్లో బంతిపువ్వు కూరుతోంది. ముఖం గొట్టం మీదికి వంచింది. కాలి బొటనవేలు మీట దగ్గర ఆడుతోంది.

కేక వేయబోయాను. వెనకనుంచి అత్త పిండిచేయి నా నోరు మూసేసింది.

"సుధమ్మా, నెయ్యేసిన ఓళిగ ఎవురికి? నీకా, పిల్లికా?" అంది, ఏమీ జరగనట్టు, రోజూ పిలిచే గొంతుతోనే.

"నాకే అవ్వా!" పువ్వు వదిలేసి పిల్ల పరిగెత్తుకొచ్చింది. నేను దాన్ని ఎత్తుకుని అదుముకున్నాను. అత్త పోయి తుపాకి గొట్టాన్ని కిందికి వంచి తెరిచింది. లోపల నుంచి తూటా జారి కుంకుమలో పడింది.

"ఎవురు పెట్టిరి దీన్ని?"

మా ఆయన బండి దండ చేతిలో పట్టుకునే లోపలికొచ్చాడు. "నేనే మా. తూటా లేని బోసి తుపాకికి పూజ చెయ్యకూడదని నాయన అంటాండె కదా..."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ మగవాళ్ల ఆచారం తగలెయ్య! బిడ్డ కంటే తుపాకి బోసితనం ఎక్కువైందా?

అత్త ఒక్కమాట తిట్టలేదు. ఓళిగ ముట్టలేదు. తుపాకిని గోనెపట్టాలో చుట్టి, చెప్పులేసుకుంది. పోలీస్ స్టేషన్‌కట!

"ఏం కాలేదు కదమ్మా, ఎందుకు పోతాండావు? కేసు రాస్తే?" అని ఆయన కాళ్లకు అడ్డం పడ్డాడు.

"అయినాక పోవాల్నా? తాళంచెవి ఇచ్చింది నేను. లైసెన్సు నా పేరున ఉండాది. పక్కకు జరుగు."

పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పి, విచారణ అయ్యేదాకా తుపాకి అక్కడే అప్పగించి వచ్చింది. ఆ ఏడాది పందులు మా చేన్ని చిందరవందర చేశాయి. అత్తా నేనూ పళ్లేలు వాయించీ వాయించీ చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆమె నోట అయ్యో అన్న మాట రాలేదు. పెనుకొండలో మొహిద్దీన్ సాబ్ చేత మందపాటి ఇనుపపెట్టె వెల్డింగ్ చేయించి, గోడకు బోల్టులు బిగించాకే తుపాకి మళ్లీ ఇంటికొచ్చింది.

డెబ్బై దాటాక, ఇక లైసెన్సు మారుస్తానంది. నా పేరు చెప్పింది! కొడుకుండగా కోడలికేమని మా ఆయన మూతి ముడిచాడు.

"దీనికి తుపాకంటే బయ్యం. నీకు లేదు. అందుకే" అంది.

ఆ లైసెన్సే మొన్న వచ్చింది. ఈరోజు ఆయుధపూజ. పొద్దున అత్తా నేనూ ఓళిగలు చేస్తున్నాం, మళ్లీ మోచేతుల దాకా పిండి. ఆయన కుంకుమ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డాడు. "గీతా, తాళంచెవి ఇయ్యవా? తూటా పెట్టనులే, నీ మీదొట్టు."

అత్త పిండి పిసకడం ఆపింది. నా వైపు చూడలేదు.

నేను లేచి చేతులు కడుక్కున్నాను. ఆయన చేతిలో పళ్లెం తీసుకుని పోయి, వేసిన తాళానికే కుంకుమ పెట్టి, ఆ పెట్టెకే హారతిచ్చాను. ఆయన పెట్టెకు దండం పెట్టుకున్నాడు.

వెనక నుంచి, ఇప్పుడు ఏడేళ్ల సుధ బంతిపువ్వుతో పరిగెత్తుకొచ్చింది. తాళం కొక్కెంలో కూరడానికి తంటాలు పడుతోంది. అత్త పిండిచేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"కూరుకోమ్మా, కూరుకో" అన్నాను.