రెండు బీడీల దూరం

ఈ ఉదయం బీరువా పై అరలోంచి సంచి తీయబోతే నాయన కంబళి జారి నా మీద పడింది. గొర్రె ఉన్ని, బీడీ పొగ, వానకు తడిసి ఆరిన మట్టి, అన్నీ కలిసిన ఆ వాసన ఎన్నిసార్లు ఎండలో వేసినా పోలేదు. హిందూపురంలో మా రెండు గదుల ఇంట్లో, ఒళ్ళో ఆ కంబళి, చేతిలో ఫోను పెట్టుకుని కూర్చున్నాను. ఫోనులో, బెంగళూరు దారిలో ఉన్న ఆ పెద్ద పార్కు చుట్టుపక్కల హోటళ్ళు. పార్కుకు నడిచి పోయేంత దూరమేనని ప్రతి హోటలూ రాసుకుంది. ఆ మాట చదివిన ప్రతిసారీ ఫోను బోర్లా పెట్టేస్తున్నాను.

మాది రొద్దం దగ్గర మెట్ట ఊరు. వాన పడితే చెనక్కాయ, పడకపోతే గొర్రెలు. కిలోమీటర్లు రోడ్డు పక్కన రాళ్ళ మీదే గానీ మనుషుల నోళ్ళలో ఉండేవి కావు. మా అవ్వ దూరాన్ని ఆకువక్కతో కొలిచేది. నోట్లో వేసుకున్నది నమిలి ఉమ్మేలోగా చేరితే దగ్గర, రెండోది మడవాల్సి వస్తే దూరం. నాయన బీడీలతో కొలిచేవాడు. వంక దాకా ఒక బీడీ, సంతకు ఐదు బీడీలు. అయితే గొర్రెల కాపరి బీడీ మామూలు మనిషి బీడీ కాదు. రెండు దమ్ములు లాగేసరికి ఏదో గొర్రె పక్కవాళ్ళ చేలోకి దూరేది, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, దాన్ని అదిలించి వచ్చి, మళ్ళీ ముట్టించి, మళ్ళీ ఆర్పి, ఒక్క బీడీని ఊరవతల గుట్ట దాకా సాగదీసేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్ళం. దానివల్లే ఒకనాడు మా కొంప మునుగుతుందని ఎవరమూ అనుకోలేదు.

నా చెల్లెలు గంగ నాకంటే మూడేళ్ళు చిన్నది. ఎండాకాలం సెలవుల్లో, వేపపూత రాలి నేలంతా తెల్లగా కమ్మగా ఉండే నీడలో, మేం బొగ్గుతో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, అది పక్కన గొంతుక్కూర్చుని ఎవరి కాలు గీత తొక్కిందో చెప్పేది. అది ఎగరలేదు. పదడుగులు వేస్తే ఆయాసం, పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడేవి. ఉగాదికి అవ్వ ఓళిగలు కాలుస్తుంటే బెల్లం, నెయ్యి వాసనకు మేమంతా పొయ్యి చుట్టూ ఎగబడేవాళ్ళం. దానికి మాత్రం అవ్వే తీసుకెళ్ళి, "నువ్వు లెయ్యొద్దులే నా తల్లీ" అంటూ నోట్లో పెట్టేది. ధర్మవరంలో డాక్టరు చూసి గుండెలో చిల్లుందన్నాడు. బెంగళూరు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ఒక సోమవారం ఖాయం చేశారు, అందాకా పిల్లను ఎక్కువ నడిపించొద్దన్నారు.

గంగ ఒక్కటే అడిగింది. ఆసుపత్రిలో పరీక్షలకు పోయి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి దానికి ఆ పార్కులోని పెద్ద రంగుల చక్రం కనపడిందట. ఆపరేషన్‌కు ముందు ఆ చక్రం కింద నిలబడి పైకి చూడాలట. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? నాయన ముందే ఒక్కడే పోయి లాడ్జి చూసి వచ్చాడు. పార్కు గేటు ఎదురుగా ఉన్నవి మాబోటివాళ్ళు తొక్కే గడపలు కావు గనక, గేటు దగ్గర బీడీ ముట్టించి, ప్రతి గడప ముందూ ఆర్పి అడుగుతూ, మళ్ళీ ముట్టించి నడుస్తూ, మాకు తగినది దొరికిన చోట ఆగాడు.

"పాపను నడిపీయొద్దన్నారు గదా, దూరమేమో?" అంది అమ్మ.

"బలే దగ్గిర. రెండు బీడీలంత" అన్నాడు నాయన. ఆ కొలతను అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను.

పెనుకొండలో బస్సు కోసం నిలబడ్డప్పుడు గంగ కొండ మీది కోట చూపించి, "చక్రం ఇంతెత్తు ఉంటాదా అక్కా?" అని అడిగింది. అంతకంటే ఎత్తేనన్నాను.

ఆ ఆదివారం పొద్దున లాడ్జి ముందు నాయన మొదటి బీడీ ముట్టించాడు. అది అయిపోయింది. రెండోదీ అయిపోయింది. గేటు లేదు. ఎండ ఎక్కింది, లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి, అమ్మ చెయ్యెత్తితే ఒక్కటీ ఆగలేదు. గంగ మూడుసార్లు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుంది. "ఇంగెంత నాయనా?" అన్నప్పుడల్లా, "ఈడే తల్లీ, రెండు బీడీలంత" అనేవాడు. నాలుగోసారి దాన్ని కంబళిలో చుట్టి, మేతకాడ పుట్టిన గొర్రెపిల్లను తెచ్చినట్టు భుజాన వేసుకుని పరుగెత్తాడు. నీలగిరి చెట్ల మీదుగా చక్రం పై సగం కనపడింది. గంగ తలెత్తి చూసింది. దాని పెదాలు అంత నల్లగా నేనెప్పుడూ చూడలేదు.

"దూరమైతే ఒద్దులే నాయనా. ఈడ్నించే కనపడతాండాది గదా" అంది.

నాయన నడిరోడ్డు మీద నిలబడిపోయి పెద్దగా ఏడ్చాడు. ఒక పాలవ్యాను ఆగి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది. మరునాడు లోపలికి తీసుకెళ్ళిన గంగ మళ్ళీ బయటికి రాలేదు. నడకకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా నాయన వినలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దూరాన్ని బీడీలతో కొలవలేదు, నాయన మాత్రం బీడీ మీద బీడీ కాల్చాడు.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మ లేదు, గొర్రెల మందా లేదు. నాయన ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయి, మందులు మార్చి లాభం లేదని డాక్టరు నాతో చాటుగా చెప్పాడు. పోయిన వారం నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ చక్రం కింద ఒగసారి నిలబడల్లమ్మా. నా కాళ్ళతోనే పోవల్ల, ఎవురూ ఎత్తొద్దు." మంచం నుంచి గడప దాకా పద్దెనిమిది అడుగులు, అక్కడికే కూర్చుండిపోతాడు. అన్నిటికంటే దగ్గరున్న హోటలుకు ఫోను చేసి, గేటు దాకా అడుగులు లెక్కపెట్టి చెప్పమని అక్కడి అమ్మాయిని బతిమాలాను. ముందు నవ్వింది. నా గొంతు విని ఆగి, నిజంగానే నడిచి వచ్చి చెప్పింది. రెండు వందల పది.

ఇంతకంటే దగ్గరది లేదు. ఉంటే ఇల్లు తాకట్టు పెట్టయినా తీసుకునేదాన్ని. ఆ గదే ఖాయం చేశాను.

"దొరికిందామ్మా?" అన్నాడు నాయన మంచం మీద నుంచి. "దూరమైతే ఒద్దులే."

నేను కంబళి మడిచి సంచిలో పెడుతున్నాను. తలెత్తితే ఏడుపు ఆగదని తెలుసు.

"ఈడే నాయనా. రెండు బీడీలంత" అన్నాను.

నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత గోడకు ఆన్చిన చేతికర్ర కోసం చెయ్యి చాపాడు.