నా చేతిరాత బాగలేదన్న సారు

నా చిన్నప్పుడు డోన్ దగ్గర మా ఊరి బడి అయిదో తరగతితోనే అయిపోయేది. ఒకటే గది, అయిదు తరగతులు, ఒక్క సారు. నేను మూడో తరగతి వరుసలో కూర్చుని అయిదో తరగతి లెక్కలకు జవాబులు చెప్పేసేదాన్ని. నోరు ఊరుకుంటే కదా! పెద్దపిల్లలు గిల్లేవాళ్లు, సారు మీసాల చాటున నవ్వుకునేవారు. ఆడపిల్లకు అయిదు చాలు, తర్వాత శెనక్కాయ చేనికి రావాల్సిందేనని మా నాయన మాత్రం ఎప్పుడో తేల్చేశాడు.

ఆ ఏడు నాకు డబల్ ప్రమోషన్ ఇచ్చి నేరుగా అయిదులో వేయమని ఊరంతా అంది. మా నాయన పొంగిపోయి ముందే బొరుగులూ బెల్లమూ పంచాడు. సారు ఒప్పుకోలేదు. చేతిరాత బాగలేదు, నాలుగు చదవాల్సిందేనని నలుగురిలో అనేశారు. నాకు తల కొట్టేసినట్లయింది. మా నాయన ఆయనను పలకరించడమే మానేశాడు.

నాలుగులో రాత కుదరాలని సారు నాకొక పుస్తకం ఇచ్చి, చూసి రాయమన్నారు. తీరా చూస్తే అది ఆరో తరగతి లెక్కల పుస్తకం. రాస్తూ రాస్తూ లెక్కలన్నీ చేసేశాను, కోపం కూడా సగం దిగింది.

అయిదు అయ్యే ముందు కర్నూలు హాస్టలు బడికి ప్రవేశ పరీక్ష ఉందని సారు చెప్పారు. ఈ రాతతో నువ్వు నెగ్గలేవులే అని నాతో అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అంతే, మా నాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయప్ప ఎవరు చెప్పేదానికంటూ తానే నన్ను రైలెక్కించి పరీక్ష రాయించాడు.

సీటు వచ్చింది. చెప్పిపోదామని వెళితే సారు నా తల నిమిరారు.

"నీ రాత ముత్యాల మాదిరి ఉండాదమ్మా. ఆ పొద్దు నిన్ను ఒక తరగతి పైకి తోసింటే, ఒక ఏడు ముందే చేనిలోకి తోసినట్లయ్యేది. మీ నాయన మాటకు కదిలే మనిషి కాదు, పంతానికి కదుల్తాడు."

నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న మా మనవరాలు శానా తెలివైనదని, ఒక తరగతి దాటిస్తామని వాళ్ల బడివాళ్లు అన్నారు. ఇంట్లో అందరికీ సంబరమే. దాటించి ఎక్కడికి పంపుతారని నేనొక్కదాన్నే అడిగాను. చాదస్తమన్నారు, అననీ.

నేనూ టీచరునై ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. నా రాత బాగుందని ఎవరైనా అంటే, రెండేళ్లపాటు నా కోసం ఊరందరి ముందూ చెడ్డపేరు మోసిన ఆ సారే కళ్లముందుకొస్తారు.