మెట్టుగూడ లెస్లీ చివరి గిటార్లు

మా వారు ఫోన్‌లో ఒక ప్రకటన చూపించిన రోజే ఈ ప్రయాణం ఖాయమైపోయింది. ‘లెస్లీ చివరి ప్రదర్శనలో వాయించిన గిటార్ అమ్మకానికి ఉంది, రాంగోపాల్‌పేట్’ అని రాసి, కింద ముప్పై ఎనిమిది వేలని ధర వేశారు. లెస్లీ మెట్టుగూడలో రైలు డ్రైవర్ ఇంట్లో పుట్టి, నలభై ఏళ్లపాటు దేశదేశాల్లో రాక్ పాటలు వాయించినవాడు. అభిమానులకు ఆయన ఎప్పుడూ మెట్టుగూడ లెస్లీనే. పోయిన చలికాలం అదే మెట్టుగూడలో ఒక హాల్లో కుర్చీలో కూర్చుని మూడు సాయంత్రాలు వాయించాడు. తర్వాత నాలుగు నెలలకే కన్నుమూశాడు.

మా వారు కాలేజీ రోజుల నుంచీ ఆయన పాటలే వాయించేవారు. రెండేళ్ల క్రితం స్కూటర్ జారి పడ్డాక ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంగడం మానేశాయి. గిటార్‌ను మా మరిదికి ఇచ్చేశారు. వేళ్లు మళ్లీ వంగుతాయని చెప్పి ఎవరో అమ్మిన నూనె, ఇంకెవరో అమ్మిన రబ్బరు యంత్రం మా అటక మీద ఉన్నాయి. ఆ రెండుసార్లూ ఆశపడి, తర్వాత చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. డబ్బు సంగతి తర్వాత. మూడోసారి కూడా మోసపోతే ఈయన ఇక గిటార్ మాటే ఎత్తరేమోనన్నది నా భయం. అందుకే నేనూ బయలుదేరాను.

వెళ్లేముందు ఆ ప్రదర్శనల వీడియోలు తొమ్మిది చూసి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకదానిలో గిటార్ ఎరుపు, ఒకదానిలో నలుపు, ఒకదానిలో తేనె రంగు. లెస్లీ ఎడమచేతి మీద పెద్ద చేతిరుమాలు కప్పి ఉంది. పాటకూ పాటకూ మధ్య దీపాలు మసకబారినప్పుడు తెర పక్కనుంచి పచ్చరాయి ఉంగరం పెట్టుకున్న కుడిచెయ్యి ఒకటి వచ్చి పోతుంది. ఆయన అసలు వాయించలేదని, ముందే రికార్డు చేసింది వేశారని కింద కొందరు రాశారు. నాకూ ఆ అనుమానం వచ్చింది. మా వారికి చెప్పలేదు.

కాజీపేటలో ఆరున్నర ప్రాంతంలో రైలెక్కితే తొమ్మిదికల్లా సికింద్రాబాద్‌లో దిగాం. ఇద్దరికీ టికెట్ నూట అరవై. స్టేషన్ బయట ఆటో అతను పద్మారావు నగర్‌కు ఎనభై అడిగాడు. ఎందుకు వెళ్తున్నారంటే మా వారు ఉత్సాహంగా చెప్పేశారు.

“లెస్లీ గిటారా సార్? మా బాబాయి కొడుకు తాన సుత ఒకటున్నది. లాస్ట్ ప్రోగ్రాందే. పది వేలకిప్పిస్త, చూస్తరా?”

“మీ బాబాయి కొడుకు ఏం చేస్తడు?” అని అడిగాను.

“ఫర్నిచర్ పనమ్మా.”

నేను మా వారి వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూశారు.

పద్మారావు నగర్‌లో పార్కుకు దగ్గరలో ఒక చిన్న కాఫీ దుకాణం ఉంది. ఇడ్లీ అరవై, కాఫీ నలభై. ఇడ్లీ మెత్తగా ఉంది కానీ చట్నీలో కొబ్బరి కన్నా పుట్నాలే ఎక్కువ. గోడకు అద్దాల పెట్టెలో తేనె రంగు గిటార్, కింద ‘లెస్లీ చివరి ప్రదర్శన గిటార్’ అని చీటీ. తీగలు బిగించే మరల దగ్గర పసుపు దారం ముడివేసి ఉంది. రెండు మెలికలు తిప్పి, కొసను లోపలికి దోపిన ముడి. యజమాని ముప్పై దాటని కుర్రవాడు.

“ఆఖరి పాట దీని మీదే వాయించాడా బాబూ?”

“ఆఖరి ప్రోగ్రాందే ఆంటీ. పాటంటే... నాకు ఎగ్జాక్ట్‌గ తెల్వదు.”

“ఎక్కడ కొన్నావు?”

“రాంగోపాల్‌పేట్ల ఖాదర్ భాయ్ తాన.”

మాకు అమ్ముతానన్నదీ ఆ ఖాదర్ భాయే. ఒక చివరి గిటార్ అమ్మేసినవాడి దగ్గర ఇంకో చివరి గిటార్ ఎలా ఉంటుంది? అక్కడి నుంచే కాజీపేటకు తిరిగి వెళ్లిపోదామన్నాను. “వచ్చినం గద, లెస్లీ ఇల్లన్న చూసి పోదాం” అన్నారు మా వారు. ఎడమచెయ్యి జేబులోనే పెట్టుకుని ఉన్నారు. బయటికి వెళ్తే ఆయన అలవాటది.

మెట్టుగూడకు ఆటోలో నూట ఇరవై అయింది. ఆ ఇంట్లో ఉండేది లెస్లీ చెల్లెలు ఫ్లోరా గారు, డెబ్భై దాటిన మనిషి. పదకొండు నుంచి ఒంటిగంట వరకు ముందు గది చూడనిస్తారు, రుసుము లేదు. గోడ నిండా ఫొటోలు. మధ్యలో ఎర్ర గిటార్, దానికి ఆకుపచ్చ దారం. ముడి మాత్రం అదే.

“ఇది అన్నయ్య లాస్ట్ షోది” అన్నారామె.

“మరి పద్మారావు నగర్‌లో ఉన్నది?”

“అది కూడా.”

“రాంగోపాల్‌పేట్‌లో అమ్ముతున్నది?”

“అది కూడా అమ్మా” అని నవ్వారు.

నేను ఊరుకోలేదు. “ఆయన చేతి మీద ఆ రుమాలు ఎందుకు కప్పుకున్నారు?” అని అడిగాను. ఆ నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. “చాయ్ తాగండి, చల్లగైతది” అని లోపలికి వెళ్లిపోయారు. మేము చాయ్ తాగి బయటికి వచ్చేదాకా మళ్లీ రాలేదు.

మెట్రో మెట్లెక్కుతూ మా వారు కోప్పడ్డారు. “నువ్వు పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్. పాపం, అన్న పోయిన మనిషి.”

“రెండు ముడులూ ఒకే చేతివండి. ఒకడే తయారుచేసి అందరికీ అంటగడుతున్నాడు. ఆమెకూ వాటా ఉందేమో.”

ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇక ఖాదర్ భాయ్‌నే అడిగి తేల్చుకుందామనుకున్నాను. మెట్టుగూడ నుంచి ప్యారడైజ్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటోలో యాభై. రాంగోపాల్‌పేట్‌లో ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఖాదర్ భాయ్ మరమ్మతు దుకాణం. అరవై ఏళ్లుంటాయి. నల్ల గిటార్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్ర దారం, అదే ముడి. మా వారు జేబులోంచి చెయ్యి తీసి గిటార్ ఒళ్లో పెట్టుకున్నారు. మంచి వేళ్లతో తీగలు నొక్కబోతే అవి చెక్కకు ఆనడం లేదు. అంత ఎత్తుగా ఉన్నాయి. మళ్లీ నొక్కారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

“వాయించడానికే పనికిరాని గిటార్‌కు ముప్పై ఎనిమిది వేలా?” అన్నాను. “పొద్దటి నుంచి ఇది మూడో చివరి గిటార్. ముడులు కూడా మార్చలేదు మీరు.”

“మూడు గాదమ్మా, ఐదు” అన్నాడు ఖాదర్ భాయ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ. “రెండు నా తాన్నే ఉన్నయి. అవి అమ్మను.”

“చూశారా!” అన్నాను మా వారితో.

“జెర ఆగుండ్రి. గుస్సా కాకుండ్రి.” అతను నన్ను చూడటం లేదు. మా వారి ఎడమచేతినే చూస్తున్నాడు. “సార్‌కు ఏ వేళ్లు తక్లీఫ్?”

మా వారు చూపించారు. ఖాదర్ భాయ్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“ఆఖరి ఏడాది లెస్లీ భాయ్ వేళ్లు కట్టెల్లెక్క అయినయి. నాలుగు తీగలు ఒక్కసారి నొక్కి కార్డ్ పట్టనీకె రాదు. అందుకే వేలు పెట్టకుండ మీటినా కార్డ్ పలికేటట్టు నేను శ్రుతి చేసిపెట్టిన. ఒక్కో శ్రుతికి ఒక్కో గిటార్. పాట కాంగనే ఒకటి తీస్కొని ఇంకోటి ఇచ్చెటోన్ని. చీకట్ల తప్పు పోవద్దని రంగు దారాలు కట్టిన. మూడు దినాలు అయిదు గిటార్లు. ఏది ఆఖరిదంటే ఏం చెప్పాలె?”

“తీగలు ఇంత ఎత్తెందుకు మరి?”

“వేలికి స్టీల్ గొట్టం తొడుక్కొని తీగల మీద జార్చెటోడు. కిందికుంటే గొట్టం చెక్కకు కొట్టుకుంటది. చెయ్యి జనం చూడొద్దని రుమాలు. ఎవరికి చెప్పనని ఫ్లోరమ్మకు మాటిచ్చిన. సార్ చెయ్యి చూసి ఆగలేకపోయిన.”

వినడానికి బాగుంది. నూనె అమ్మినవాడి మాటలూ బాగానే ఉండేవి. “మీ కుడిచెయ్యి చూపించండి” అన్నాను. పచ్చరాయి ఉంగరం. ఫోన్‌లో వీడియో ఆపి పక్కన పెట్టి చూశాను. రాయి చుట్టూ కట్టిన వెండి ఒక మూల నొక్కుకుపోయి ఉంది, వీడియోలోనూ ఇక్కడా.

“తలాషీ అయిందా అమ్మా?” అని నవ్వాడు.

సొరుగులోంచి వేలెడంత స్టీల్ గొట్టం తీసి మా వారి చిటికెన వేలికి తొడిగాడు. “వేరేటోళ్లకు వేలు వంగకుండ పట్టుకునుడు నేర్పనీకె ఆర్నెల్లయితది సార్. మీది తయారుగనే ఉన్నది.”

మా వారు కుడిచేత్తో మీటి, గొట్టాన్ని నెమ్మదిగా పైకి జార్చారు. మొదట కీచుమంది. రెండోసారి ఒక స్వరం పొడవుగా సాగి గది నిండింది. పాటేమీ కాదు. ఒక్క స్వరం, అంతే. ఆయన నా వైపు తిరిగి, “విన్నవా?” అన్నారు. రెండేళ్లుగా ఆ గొంతు నేను వినలేదు.

బేరం ముప్పై నాలుగు వేలకు తెగింది. లెస్లీ గొట్టం మాత్రం ఇవ్వనన్నాడు. కొలత రాసిచ్చి రాణీగంజ్‌కు పంపాడు. అక్కడ పైపుల దుకాణంలో నలభై రూపాయలకు కోసి, అంచులు నున్నగా అరగదీసి ఇచ్చారు. సాయంత్రం రైల్లో గిటార్ మా ఇద్దరి మధ్య కూర్చుంది.

ఇది రాసేముందు ఫ్లోరా గారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను, చేతి సంగతి రాయవచ్చా అని కూడా. ఆమె, “మీ ఆయన వాయిస్తున్నరా?” అన్నారు. వాయిస్తున్నారన్నాను. ఫోన్ ఆయన దగ్గర పెట్టమన్నారు. ఆయన ఇంకా రెండు పాటల దగ్గరే తడబడుతున్నారు. ఆమె ఆ రెండూ విని, “రాయండి” అన్నారు. ఆ రోజు నేను అడిగిన ప్రశ్నల్లో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆమె మౌనాన్ని కూడా మోసం కిందే రాసుకున్నాను. నోట్‌బుక్‌లో ఆ వాక్యం కొట్టేశాను.

వెళ్లేవారికి ఒక్క సూచన. శుక్రవారం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నమాజు కోసం ఖాదర్ భాయ్ దుకాణం మూసి ఉంటుంది, ఆ వేళ తప్పించి వెళ్లండి. మీలో ఎవరికైనా చేతి ఇబ్బంది ఉంటే మెట్లెక్కేముందే చెయ్యి జేబులోంచి బయటికి తీయండి.