రంగత్త తెచ్చిన పితికిపప్పు

నిన్న మధ్యాహ్నం తిరుమణిలో మా అమ్మ వాళ్ళింటి తలుపు తీస్తే, పక్కింటి రంగత్త గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మూత తీయకముందే పితికిపప్పు వాసన తెలిసిపోయింది.

మీకూ గుర్తుందా? నానబెట్టిన అనపగింజల్ని అరుగు మీద చేరి పితికేవాళ్ళం. పప్పు ఎగిరిపోయి ఎవరి జడలోనో ఇరుక్కునేది. వేళ్ళకంటిన పచ్చి వాసన బడి దాకా వెంట వచ్చేది. మా ఇంటికీ రంగత్త ఇంటికీ కలిపి ఒకటే రుబ్బురోలు. ఏ పూట ఎవరింట్లో తిన్నామో అమ్మలకే తెలిసేది కాదు.

సోలారుకు భూములు కౌలుకిచ్చేటప్పుడు, మా చేనికీ వాళ్ళ చేనికీ మధ్యలో గట్టు ఎవరిదన్న తగువులో రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ గట్టే లేదు. అంతా సోలారు పలకలే.

"ఏం పని మీద వచ్చినావు?" అమ్మ లోపలినుంచే అడిగింది.

"పనేముండాది వదినా? పాప వచ్చిండాదని తెచ్చినా."

గిన్నె నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆమె తన ఇంట్లోకి పోయేదాకా అమ్మ కిటికీలోంచి చూసింది.

"ఊరికే తెస్తాదా? గట్టు వాళ్ళదేనని సంతకం అడిగేదానికేమో. దాంట్లో ఏం కలిపిందో ఏమో, నువ్వు తినద్దు పాపా."

"పప్పే కదమ్మా!"

అన్నానే గాని, నేనూ గరిటెతో అడుగు దాకా కలిపి చూశాను. తర్వాత కంచంలో వేసుకుని తిన్నాను. అచ్చం అప్పటి రుచే.

అమ్మ ముట్టలేదు. నేను తింటున్నంతసేపూ నా ముఖం వంకే చూస్తూ కూర్చుంది.