కృత్తిక నాటి కొత్తుకరి

మా పెద్ద తోడికోడలు పోయిందని మొన్న శుక్రవారం మా అత్తగారి ఊరు పట్టాభిరామ్ నుంచి కబురు వచ్చింది. వెళ్ళి మట్టి వేసి వచ్చాను. నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు అన్నం వార్చడం తప్ప వంట రాదు. తర్వాత వచ్చిందంతా ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ఆమెది తిరుత్తణిలో నేత కుటుంబం. మా బావ, అంటే నా భర్తకు అన్న, ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు. తండ్రి వద్దన్నా ఆమె ఈ పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. ఆమె ఆ మాట ఎత్తేది కాదు. తిరుత్తణి వైపు నుంచి రైలు వచ్చే వేళకు మాత్రం వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది.

మేడే వస్తే మా ఇంట్లో కొత్తుకరి రొట్టెలే. ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి మాకు అదీ ఒక పండుగ. ఎముకల్లేని మాంసాన్ని, అంటే కరిని, కత్తితో సన్నగా కొట్టి, మిరియాలు, సోంపు, ఎర్రగడ్డలు వేసి పొడిగా వేయించి, పెనం మీద కాల్చిన బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టేది. పక్కన పెరుగు కలిపిన ఉర్లగడ్డ దుంపలు, ఉప్పూకారం అద్దిన మామిడికాయ, దోసకాయ చక్రాలు, తాటిముంజలు. అక్క రుచి చూసేది కాదు. మూకుడు వైపు చెవి వంచేది.

"నీళ్ళు ఉండేదాకా అది మాట్లాడతానే ఉంటాది. మాట తగ్గినాక నూనె పొయ్యి," అనేది. నేను తొందరపడితే, "ఏమ్మే, నీకు రైలు పోతాండాదా?" అని నవ్వేది.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. "నాయన ఒకటో తేదీ మగ్గం తొక్కడంట. వచ్చి నిన్ను చూసి పోతానన్నాడక్కా."

మేడేకి మగ్గాలకూ సెలవు కాబోలు అనుకున్నాం.

"మీ నాయన్ని కదిలించల్లంటే ఆ మురుగ సామే కొండ దిగి రావల్ల. ఏం జరిగిందో!" అంది మా అత్త. అక్క నవ్వి ఊరుకుంది. ఆ వారమంతా ఇల్లు కడుగుతూనే ఉంది.

ఆ రోజు కరి దించి మూత పెట్టేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. నుదుట విభూతి, భుజాన సంచి, కాళ్ళకు చెప్పులు లేవు. అక్క ఆ కాళ్ళ వంక చూసి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు కృత్తిక, మురుగ సామి నక్షత్రం. వాళ్ళ పుట్టింట్లో కృత్తిక నాడు మగ్గం ఆపుతారు, పెద్దవాళ్ళు ఒక్కపొద్దు ఉంటారు, పొయ్యి మీదికి మాంసం ఎక్కదు. ఆయన పొద్దున్నే కొండెక్కి దండం పెట్టుకుని, అటునుంచి అటే రైలెక్కి వచ్చాడు. మా గోడకు ఉన్నది చర్చిలో ఇచ్చిన క్యాలెండరు. అందులో కృత్తిక ఉండదు.

"గిన్నె ఎనకింటికి ఎత్తుకుపోతా, జన్నలు తెరువు, వాసన పోతాది," అని బావ గుసగుసలాడాడు. నేనూ అదే మేలనుకున్నాను. అక్క వద్దని చెయ్యి చూపింది.

"నాయనా, ఈపొద్దు కృత్తికని మర్చిపోయినా. ఇంట్లో కరి వండినా."

వెనక్కి తిరిగితే ఆయన మళ్ళీ రాడని అక్కకు తెలుసు. అయినా బతిమాలలేదు. తలుపు దగ్గర ఒక పక్కకు జరిగి నిలబడింది. అంతటి మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాత ఇంట్లో ఏ తప్పు జరిగినా దాచే పని నేను పెట్టుకోలేదు.

"ఎండ మండిపోతాండాది. గొంతు తడుపుకునేదానికి ఏమన్నా ఉందా?" అన్నాడాయన.

అక్క వంటింట్లోకి పోలేదు. వాకిట్లో కుళాయి కింద చేతులు కడుక్కుని, ఇంకా కొట్టని తాటికాయలు తెచ్చి ఆయన ముందే కొడవలితో చెక్కింది. మా గిన్నె ఏదీ వాటిని తాకలేదు. ఆయన అరుగు మీద కూర్చుని, బొటనవేలితో ముంజలు తీసుకుని తిన్నాడు. తలుపు చాటున అక్క పిల్లలు తొంగి చూస్తున్నారు.

"పిల్లోళ్ళు ఆకలితో ఉండారు. వాళ్ళకు పెట్టు."

"నీకు?"

"నాకొకటి ఎత్తిపెట్టు. రేప్పొద్దున తింటా."

అంటే రాత్రికి ఉంటాడు. అక్క లోపలికి వచ్చి ముందు పిల్లలకు పెట్టింది.

మాకు ఫ్రిజ్ లేదు. మే నెల వేడికి మాంసం మర్నాటి దాకా నిలవదు. ఆయన వాటాను చిన్న చట్టిలోకి తీసి, తడి లేకుండా సన్నసెగ మీద మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టింది.

"రేపు కొత్తగా వండరాదా?" అంది మా అత్త.

"ఆయన అడిగింది దీన్ని కదత్తా."

పిడికెడు కరిని అంత జాగ్రత్తగా కాచుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు ఆయన స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. కరి ఇసుకలా పొడిపొడిగా అయింది. రాలిపోకుండా అక్క రొట్టెను నూలుపోగుతో కట్టి ఇచ్చింది. ఆయన పోగును తెంపలేదు. ముడి వెతికి, గోటితో విప్పి, వేలికి చుట్టుకున్నాడు. సగం తిని, మిగతా సగం అక్క చేతికి ఇచ్చాడు. ఆమె గడపలో నిలబడే తింది. వీధిలో ఎండ ఎక్కుతున్నా ఆయన లేవలేదు; వేలి మీద పోగు అలాగే ఉంది.