ఎదురు మర కప్పు

మునిర్కాలో మా గది కింద సైకిళ్లు బాగుచేసే ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చిన తెలుగువాడే. అయినా నేనాయన్ని నమ్మలేదు. ఢిల్లీలో సైకిలు వదిలివెళితే సామాన్లు మార్చేస్తారని ఎదురుగానే కూర్చునేవాణ్ణి. ఆయనా ఎవరినీ నమ్మేవాడు కాదు. ఏ సైకిలొచ్చినా పానా పట్టకముందే "ముందు చెయ్యి పెట్టిందెవరు?" అని నిలదీసేవాడు.

ఎనభైల మొదట్లో ఒకసారి నా సైకిలు ఫ్రేములో, పెడల్ ఇరుసుకు కుడిపక్క మరతో బిగించే కప్పు పట్టేసింది. "ఎవరూ పెట్టలేదు" అన్నాను. ఆయన దాని మీది ఉలి గాట్లు చూశాడు.

"అచ్ఛా! ఎలకలు కొట్టాయా మాస్టారూ? నిజం చెప్పండి. మళ్లీ అటే కొడితే ఫ్రేము పగులుద్ది, రేపట్నించి ఆఫీసుకి నడకే."

నేనే కొట్టానని ఒప్పుకున్నాను. రెండ్రోజులుగా అన్ని మరల్లాగే ఎడమకి తిప్పుతున్నానన్నాను.

"ఈ పక్క కప్పుకి మర ఎదురండీ. రెండ్రోజులుగా మీరు ఊడదియ్యలా, బిగించారు. కుడికి తిప్పండి" అని పానా నాకే ఇచ్చాడు.

నమ్మకుండానే తిప్పాను. కిర్రుమని కదిలింది. ఆ సంగతి కప్పు మీద ఒక్క ముక్కయినా చెక్కని తయారీదార్ల మీద నాకిప్పటికీ మంటే.

ఆ రోజు మొదటిసారి సైకిలు ఆయన దగ్గర వదిలి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చి, ఫ్రేమే మార్చేశాడేమోనని ముందు దాని నంబరు చూశాను. చూస్తానని ఆయనకు తెలుసు. నంబరు మీది మట్టి అప్పటికే శుభ్రంగా తుడిచి ఉంచాడు.